పక్కన మనిషి ఉన్నా డిప్రెషన్ వస్తుంది

ఈ మధ్య ఒక గే ప్రేమ నవల చదివా, ఇంగ్లీషుది, ఇద్దరబ్బాయిల కథ, ఒకడికి డిప్రెషన్, ఒక రాత్రి ప్రాణం తీసుకోబోతాడు, రెండోవాడు ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటాడు, ఇంక అక్కణ్ణుంచి అంతా బాగైపోతుంది. మొదటి సగం చదువుతూ ఏడ్చేశా, అంత బాగా రాశారు. చివర్లో మాత్రం కోపమొచ్చింది. నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు పక్కన మనిషి ఉన్నాడు, రోజూ ఉన్నాడు, అయినా నాకు చచ్చిపోవాలనే అనిపించేది.

మేమిద్దరం హైదరాబాద్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటాం, ఓనర్‌కి రూమ్మేట్స్ అనే చెప్పాం. 2018 సెప్టెంబర్ 6న, మాలాంటివాళ్ళ సంబంధాన్ని నేరంగా చూసే 377 సెక్షన్ మీద, ఇక అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పొచ్చిన రోజు వాడు స్వీట్లు తెచ్చాడు. ఆ తర్వాత కూడా తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేస్తే సంబంధాల మాటే, "ఒక్కసారి ఫోటో చూడు నాన్నా" అని. దానివల్లే జబ్బొచ్చిందని చెప్పలేను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసేది, మళ్ళీ నిద్ర లేదు, అన్నం రుచి తెలీదు, స్నానం చెయ్యడం కూడా పెద్ద పనైపోయింది, నేను లేకపోతే అందరికీ హాయి అనే ఆలోచన రోజంతా తిరుగుతుండేది. వాడేమో "నావల్లేనా రా, నేనేమన్నా తక్కువ చేస్తున్నానా" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక ఇంకా కుంగిపోయేవాణ్ణి.

మొదట వెళ్ళిన డాక్టర్ పెళ్ళి చేసుకో సర్దుకుంటుంది, ఈ ఇష్టాలు మార్చే ట్రీట్‌మెంట్ కూడా ఉంది అన్నాడు. గే కావడం జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది, అలాంటి ట్రీట్‌మెంట్ చెయ్యడం డాక్టర్‌గా తప్పు నడవడిక కిందకే వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకివేవీ తెలీవు.

రెండో డాక్టరమ్మ సూటిగా అడిగింది, "చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా?" అని. అలా అడిగితే ఆలోచన ఇంకా ముదురుతుందని చాలామంది భయపడతారు, నాకైతే గుండె మీద బరువు దిగింది, అప్పటిదాకా ఎవరూ అడగలేదు. థైరాయిడ్, బీ12 టెస్టులు చేయించింది, టాబ్లెట్ రాసింది, స్ట్రిప్పులు నా దగ్గర కాకుండా వాడి దగ్గర పెట్టమంది, పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పింది. నిజమే, మొదట్లో వికారం తప్ప ఏం లేదు. ఆ వారాలే కష్టం, ఏ మార్పూ కనపడదు, అయినా వాడు రోజూ టైంకి టాబ్లెట్ చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, ఏం మాట్లాడకుండా పక్కన కూర్చునేవాడు. నవలలో లేనిది ఇదే.

తర్వాత ఒకరోజు అన్నం తింటూ "గోంగూరలో ఉప్పెక్కువైంది రా" అన్నా. వాడు కంచం ముందు కూర్చుని ఏడ్చేశాడు. నాకు రుచి తెలిసిందని నాకంటే ముందు వాడికే అర్థమైంది. అలాగని ఆ రోజుతో తగ్గిపోలేదు, మధ్యలో మళ్ళీ చెడ్డ వారాలొచ్చాయి, కౌన్సెలింగ్‌కి వెళ్తూనే ఉన్నా.

ఒక విషయం మనవాళ్ళకి తప్పకుండా చెప్పాలి. ఆస్పత్రిలో వాణ్ణి "మీరేమవుతారు?" అని అడిగారు, వాడు ఫ్రెండ్ అన్నాడు, బయట కూర్చోమన్నారు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మన పెళ్ళిళ్ళకి గుర్తింపు ఇవ్వలేదు కాబట్టి ఆ దారి లేదు. కానీ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మన తరఫున మాట్లాడే ప్రతినిధిగా బంధువు కాని మనిషినైనా పెట్టుకోవచ్చు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, ఆ మనిషి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. మేం రాసుకున్నాం, రిపోర్టుల ఫైల్లో పెట్టాం. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు అని కూడా అదే చట్టంలో ఉంది, కాబట్టి పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి వెళ్ళకుండా ఆగొద్దు.

ఇప్పుడు డాక్టరమ్మ డోసు మెల్లగా తగ్గిస్తోంది, సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పింది. అక్కకి మా సంగతి చెప్పా, అమ్మకి ఇంకా లేదు. మీకూ ఇలాంటి ఆలోచనలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.