చిగురు మీద చీముగడ్డ, దాని కింది పన్ను

చిగురు మీద చీముగడ్డ లేచిందంటే పన్ను పీకించుకోవలసిందేనన్న నమ్మకం మన ఇళ్ళలో ఇంకా బలంగా ఉంది. మా అమ్మ కింది దవడ పన్ను విషయంలోనూ చుట్టాలందరూ అదే మాట అన్నారు. ఆ పన్ను నిలిచింది కనుక, ఎలా నిలిచిందో రాస్తున్నాను.

చీము ఎక్కడ పుడుతోందన్నది ముందుగా తేలాలి. పుచ్చు లోతుకు దిగి పంటిలోని నరం చచ్చిపోతే వేరు కొసన చీము పడుతుంది. చిగురుకూ పంటికీ నడుమ సందు లోతై, అందులో గార పేరుకుంటే వేరు పక్కన పడుతుంది. ఆరోగ్యమైన చిగురులో ఆ సందు సాధారణంగా 3 మిల్లీమీటర్లకు మించదు. అమ్మ చిగురు మీది పొక్కుకున్న సన్నని రంధ్రంలోకి డాక్టరమ్మ గట్టాపెర్చా అనే గులాబీరంగు మెత్తని పుల్లను మెల్లగా జొనిపి ఎక్స్‌రే తీయగా, అది తెల్లని గీతలా వంపు తిరుగుతూ పోయి సరిగ్గా వెనక వేరు కొసన ఆగి కనిపించింది; అంటే చీము చచ్చిన నరం నుంచే వస్తోందన్నమాట.

"మాత్రలు రాసివ్వండి డాక్టరుగారూ, చాలు" అని అమ్మ అడిగింది. "చచ్చిన నరంలోకి రక్తం పోదమ్మా, రక్తం పోని చోటికి మందెలా చేరుతుంది?" అన్నారావిడ. జ్వరం లేకుండా, వాపు ఒక్కచోటే ఉండి, పంటికి వెంటనే చికిత్స అందే వీలున్నప్పుడు చాలామందికి యాంటీబయాటిక్స్ అవసరం లేదని 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా సూచించింది. అందుకే మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కుని, వాపు తగ్గగానే ఊరుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది; గడ్డ పగిలి నొప్పి పోయినా మూలం లోపలే ఉండి చుట్టూ ఎముకను తినేస్తుంది.

అమ్మకు పంటి పైనుంచి దారి చేసి, వేరు లోపలి సన్నని కాలువలను సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక ద్రవంతో కడిగి, నింపి, ఆపైన క్యాప్ వేశారు. చీము చిగురు సందులోనిదే అయితే చీము తీసి, చిగురు కింద వేరును శుభ్రం చేస్తారు. అటువంటి గడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగర్ పరీక్ష తప్పక చేయించాలి. వేరు నిలువునా చీలినప్పుడు మాత్రం పీకించడమే సరైనది.

ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే కొంత ఉపశమనం ఉంటుంది గాని, ఆస్పిరిన్ నూరి చిగురుకు అద్దితే చిగురే కాలుతుంది. దవడ కింద వాపు పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడమో ఊపిరి తీయడమో కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.