మసాదా కొండ మీద యెహెజ్కేలు 36

మా గ్రూపులో సగం మంది ఎండకు జడిసి కింద కేఫ్‌లోనే ఉండిపోయారు. నేను మాత్రం కేబుల్ కారెక్కి పైకి పోయాను, ఎందుకంటే ఇశ్రాయేలు యాత్రకు పేరిచ్చినప్పటి నుంచి నా మనసంతా ఉప్పు సముద్రం (డెడ్ సీ) పక్కనున్న ఈ మసాదా కొండ మీదే ఉంది. హేరోదు రాజు కట్టిన కోట ఇది. క్రీ.శ. 73-74 ప్రాంతంలో రోమా సైన్యం పట్టుకునేదాకా యూదా తిరుగుబాటుదారులు ఇక్కడే తలదాచుకున్నారు. 1963-65 మధ్య యిగాయెల్ యాదీన్ తవ్వకాలు జరిపితే ఇక్కడి సమాజమందిరం (యూదుల ప్రార్థనాస్థలం) నేల కింద, బైబిల్లోని యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం రాసిన పాత రాతచుట్ట (స్క్రోల్) ముక్కలు బయటపడ్డాయి, అవి కూడా సరిగ్గా 35 నుంచి 38 అధ్యాయాల భాగాలు!

అంటే పాడైన దేశం ఏదెను వనంలా అవుతుందన్న మాట, ఎండిన ఎముకలు లేచిన దర్శనం, రెండూ ఆ ముక్కల్లోనే ఉన్నాయి. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయేనాటికి యెహెజ్కేలు బబులోనులో చెరలో ఉన్నాడు. 36వ అధ్యాయంలో ఆయన ముందుగా మాట్లాడేది మనుషులతో కాదు, కొండలతో. మీరు కొమ్మలు వేస్తారు, నా ప్రజల కోసం ఫలిస్తారు అంటాడు. పైనుంచి చూస్తే అన్నీ బోడి కొండలే, పచ్చని ఆకు కనబడదు, కాబట్టి ఆ మాట ఎంత సాహసమో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

దారిలో ఖర్జూర తోట కనిపించిన ప్రతిసారీ మా పాస్టరు అయ్యగారు "ప్రవచనం నెరవేరింది, చూడండి" అంటుంటే నా కళ్లు మాత్రం చెట్ల మొదళ్లలో నల్ల పైపుల మీదే. అనంతపురం పిల్లను, డ్రిప్ (బిందు సేద్యం) చూస్తే గుర్తుపట్టనా? ఇప్పుడు మనం వాడే డ్రిప్ 1965లో నెగెబు ఎడారిలోని హత్సెరీమ్ కిబ్బుట్జ్‌లోనే (కిబ్బుట్జ్ అంటే అందరూ కలిసి ఉమ్మడిగా నడిపే ఊరు) తయారీకి వచ్చింది. పైపులున్నాయని దేవుని పని తక్కువైపోదు, ఆ అధ్యాయంలోనే భూమి దున్నబడుతుంది, విత్తబడుతుంది అని రాసి ఉంది కదా. కానీ 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడక ముందు ఇక్కడంతా ఖాళీ ఎడారే అన్నట్టు చెప్పడం నాకు నచ్చదు, అరబ్బు రైతులు పండించిన యాఫా నారింజలు 19వ శతాబ్దంలోనే ఐరోపాకు ఓడల్లో వెళ్లేవి.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. మసాదాలో దొరికిన సుమారు 2000 ఏళ్లనాటి ఖర్జూర గింజను 2005లో కెతురా కిబ్బుట్జ్‌లో నాటితే మొలిచింది! దానికి బైబిల్లో అందరికంటే ఎక్కువ కాలం బతికిన మెతూషెల పేరు పెట్టారు. మగ చెట్టు కాబట్టి కాయదు, కానీ దాని పుప్పొడితోనే అలాంటి పాత గింజ నుంచి మొలిచిన హన్నా అనే చెట్టు 2020లో కాసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెద్ద వాదన. అదే యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయం ప్రకారం మందిరం నుంచి పారే నీళ్లతో ఉప్పు సముద్రం బాగవుతుంది, ఆ సముద్రపు ఒడ్డునున్న ఏన్గెదీ దగ్గర జాలరులు వలలు ఆరేస్తారు. ఇప్పుడేమో ఆ సముద్రం ఏడాదికి దాదాపు మీటరు చొప్పున దిగిపోతోంది, యొర్దాను నీళ్లు పైనే మళ్లిస్తుంటే కిందికి ఏం చేరుతాయి? ఏన్గెదీ ఒడ్డున నేల గుంటలుగా కుంగి తోటలే వదిలేశారు. "మరి ఇది ఎప్పుడు నెరవేరుతుంది అయ్యగారూ?" అని అడిగాను. "అది ఆత్మీయార్థమమ్మా" అన్నారాయన. వెనక సీటులో ఒక ఆంటీ ఒప్పుకోలేదు, 36 ఏమో అక్షరాలా నెరవేరింది, 47 మాత్రం ఆత్మీయమా, ఇదెక్కడి లెక్క అని గట్టిగా పట్టుకున్నారు. నేను ఆంటీ పక్షమే.