బస్సు లేని శనివారం, పెండెరెట్స్కి ఊళ్ళో

క్రాకోవ్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఒక రాత్రి పోలండ్ స్వరకర్త క్షిష్టోఫ్ పెండెరెట్స్కి రాసిన ‘థ్రెనడీ’ (శోకగీతం) పెట్టుకుని వింటుంటే పక్క గదిలోంచి మా రూమ్మేట్ పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, దయ్యాల సినిమా చూసేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోరా బాబూ!" అన్నాడు. వాడి తప్పేం లేదు. ‘ది షైనింగ్’ సినిమాలో జనాన్ని భయపెట్టింది కూడా ఈ పెద్దమనిషి సంగీతమే. నాకూ మొదటిసారి ఒళ్ళు జలదరించింది. కానీ వదల్లేకపోయాను. మే నెలలో ఒక శనివారం ఆయన చెట్లు పెంచుకున్న లుస్వావిత్సే అనే పల్లె చూసొద్దామంటే, "తోట ఉందంటున్నావుగా, పద" అని వాడూ బయల్దేరాడు.

ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా గ్రోద్జ్‌కా వీధిలోని పీటర్, పాల్ చర్చికి వెళ్ళాను. బయట పన్నెండు మంది అపొస్తలుల విగ్రహాలు, లోపల నేలమాళిగలో దేశం మెచ్చినవాళ్ళ సమాధులు. పెండెరెట్స్కి 2020 మార్చి 29న పోయారు, కోవిడ్ రోజుల్లో. సరిగ్గా రెండేళ్ళకి, 2022లో అదే తేదీన, అస్థికలు ఇక్కడ చేర్చారు. పది నిమిషాల్లో బయటికొచ్చేశాను. సమాధుల దగ్గర ఏం చేయాలో నాకెప్పుడూ తెలీదు.

దాని కన్నా ఫ్లోరియాన్స్‌కా వీధిలోని యామా మిహాలికా కేఫ్ నచ్చింది. రంగు అద్దాలు, మసక వెలుతురు. కుర్రతనంలో ఆయన ఇక్కడే కూర్చుని రాసుకునేవారట. బల్లలు చిన్నవి కాబట్టి కాగితం చిన్నది, అందులో పెద్ద ఆర్కెస్ట్రా పట్టాలంటే స్వరాలకు బదులు గుర్తులు వేసుకోక తప్పలేదని చెప్పుకుంటారు. 1959లో యువ స్వరకర్తల పోటీకి పేరు చెప్పకుండా మూడు రచనలు పంపితే మూడింటికీ బహుమతులు వచ్చాయి. చేతిరాత దొరికిపోకుండా ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో రాసి, మూడోది ఇంకెవరితోనో రాయించారని కథ. పరీక్షల్లో మనవాళ్ళు వేసే ఎత్తులు దీని ముందు బలాదూర్.

శనివారం రైల్లో టార్నూఫ్ దాకా హాయిగా వెళ్ళాం. అక్కడ స్టాపులో టైమ్‌టేబుల్ చూసి పదీ ఇరవైకి బస్సు ఉందని నిలబడ్డాం. పదకొండయింది, రాలేదు. అప్పుడు చూశాను, టైము పక్కన చీమంత అక్షరం ఒకటుంది. కింద దాని అర్థం వెతికితే, ఆ బస్సు స్కూళ్ళు నడిచే రోజుల్లోనే వస్తుందట. మా రూమ్మేట్ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. టాక్సీ ఎక్కాం, డబ్బులు నేనిచ్చాను.

దునయెత్స్ నది లోయంతా పచ్చగా, మెత్తగా ఉంది. 1970ల్లో పెండెరెట్స్కి ఇక్కడ ఒక పాత జమీందారీ బంగళా కొని, చుట్టూ చెట్లు నాటడం మొదలుపెట్టారు. సుమారు 30 హెక్టార్లు, అంటే మన లెక్కలో 75 ఎకరాల దాకా, 1700కు పైగా రకాలు. చెట్ల కంచెతో ఒక చిక్కుదారి కూడా పెంచారు. ఇంతా చెబుతున్నాను గానీ మేం చూసింది గేటు బయటి నుంచే. ఆ రోజు లోపలికి వదలడం లేదు. ముందు కనుక్కోకపోవడం కూడా నా ఘనకార్యమే.

దగ్గర్లోనే 2013లో తెరిచిన ఆయన పేరిటి సంగీత కేంద్రం ఉంది. 650 సీట్ల హాలు. కుర్ర విద్యార్థులు శిక్షణకు వస్తుంటారు. భోజనాల వేళ బయట మెట్ల మీద ఒకమ్మాయి చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) పెట్టె పక్కన కూర్చుని ఆపిల్ తింటోంది. నేను ఫోన్లో థ్రెనడీ స్కోరు (రాసిన సంగీతం ప్రతి) తీసి, అందులోని నల్ల త్రికోణం చూపించి, "దీన్నెలా వాయిస్తారు?" అని అడిగాను.

ఆ రచన 52 తీగ వాయిద్యాలకి. 24 వయొలిన్లు, 10 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బాస్‌లు. తాళం లెక్క ఉండదు, ఎంతసేపు వాయించాలో సెకన్లలో రాసి ఉంటుంది. 1960లో రాసినప్పుడు పేరు కూడా అంతే, ‘8 నిమిషాల 37 సెకన్లు’. వాయించగా విన్నాకే ‘హిరోషిమా మృతులకు థ్రెనడీ’ అని పేరు మార్చి వాళ్ళకి అంకితమిచ్చారు. ఈ సంగతి తెలిసిన రోజు మోసపోయినట్టనిపించింది. ఆ మోతలో నేను విన్న విమానాలన్నీ పేరు వినిపించినవే కదా!

అమ్మాయి ఆపిల్ పక్కన పెట్టి చెల్లో తీసింది. చేతివేళ్ళు తీగ మీద కిందికి, ఇంకా కిందికి, నల్ల పలక అయిపోయి తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి అనే చెక్కముక్క దగ్గరికి వచ్చేదాకా జరిపి కమాను లాగింది. కీచుమని సన్నటి గీత లాంటి శబ్దం. ఫలానా స్వరమని రాసి ఉండదట. నీ వాయిద్యంలో శ్రుతి ఎంత పైకి పోగలిగితే అంత. "నాది ఇక్కడ ఆగుతుంది. పక్కవాడిది ఇంకోచోట" అంది. తర్వాత బ్రిడ్జికి అవతల, ఎవరూ వాయించని ఆ పొట్టి ముక్క మీద కమాను ఆనించింది. చివరికి వేళ్ళతో చెక్క మీద తట్టింది. కమానుకు రాసే తెల్లటి రోజిన్ పొడి రాలింది.

"అయితే ఆ అరుపు ఒకటి కాదన్నమాట" అన్నాడు మావాడు తెలుగులో. ఇన్నాళ్ళుగా వింటున్నా నాకు తట్టలేదు. నేనూ దాన్ని ఒక్క పెద్ద కేకగానే విన్నాను. ఎవరి కొస వాళ్ళు అందుకుంటున్న 52 మందిగా ఎప్పుడూ వినలేదు.

లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది. తిరుగు బస్సు సంగతి అడగొద్దు. దగ్గర్లోని జక్లిచిన్ ఊరి దాకా నడక మొదలుపెట్టాం. కొంతదూరం పోయాక మావాడు చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ దయ్యాల పాట పెట్టు ఓసారి." చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం. రోడ్డు పక్కన ఆగిపోయి, నా మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడెవడో చెక్క మీద తట్టాడు, విన్నావా? వెనక్కి తిప్పు" అన్నాడు.