చింతమొబ్బు అనే దొంగమాట

ఒకటో నంబరు మాటతో మొదలుపెట్టి 3,140వ మాట దాకా, మధ్యలో ఒక్కటి కూడా వదలకుండా నిఘంటువు చదివే మనిషి ఎక్కడైనా ఉంటాడా? నా సైటుకి వచ్చాడు. పోయిన ఏడాది ఆగస్టులో, రాత్రి 2 గంటల 41 నిమిషాలకి వచ్చి, మూడు నిమిషాల్లో మాటలన్నీ చదివేశాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు చిత్తూరు వైపు మాటలు పోగేస్తుంటాను. ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఉర్లగడ్డ (బంగాళదుంప), ఎనుము (గేదె), బోకులు (గిన్నెలు), కసువు (చెత్త), దుడ్లు (డబ్బులు), మొబ్బు (చీకటి), ఇలాంటివి. ఒక్కో మాటకి అర్థం, ఏ ఊళ్ళో విన్నానో, ఒక వాక్యం, వీలైతే ఎవరిచేతైనా పలికించిన పది సెకన్ల ఆడియో. అందులో దాదాపు నాలుగు వందల మాటలు మా అవ్వ గొంతులో ఉన్నాయి. అవ్వ ఇప్పుడు లేదు.

పొద్దున లేచి చూస్తే సైటు పడిపోయి ఉంది. ఎవరెప్పుడు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా, అంటే లాగ్, తెరిచాను. మాట 1, మాట 2, మాట 3... నంబర్లు మెట్లెక్కినట్టు ఎక్కుతున్నాయి, సెకనుకి పదిహేడు చొప్పున. వచ్చినవాడు మనిషి కాదు, బాట్, అంటే తనంతట తానే పేజీలు తిరిగే ప్రోగ్రాం. తనని తాను గూగుల్‌బాట్ అని, అంటే గూగుల్ వెతుకులాట కోసం సైట్లు చదివే బాట్ అని చెప్పుకున్నాడు. ఆ పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు, గడ్డం పెట్టుకుని స్వామీజీనని చెప్పుకున్నట్టు. నిజమైనదో కాదో తేల్చాలంటే ఆ ఐపీ అడ్రస్ ఏ పేరు మీద ఉందో వెనక్కి వెతకాలి, వచ్చిన పేరు గూగుల్‌ది అయితే ఆ పేరుని మళ్ళీ ముందుకు వెతికి అదే అడ్రస్ వస్తుందో లేదో చూడాలి. నేను వెతికితే ఎక్కడో అద్దె సర్వర్ తేలింది. ఒక నిమిషం పని, కానీ అప్పటిదాకా నేను గూగుల్ అనగానే తలుపు తీసేసేవాణ్ణి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. సైటుని పడగొట్టింది ఆ 3,140 పేజీలు కాదు. మాటలయ్యాక వాడు తగులుకున్నది, నేనే ముచ్చటపడి పెట్టుకున్న వెతుకులాట పేజీ. అక్షరం ఎంచుకో, మండలం ఎంచుకో, రకం ఎంచుకో అని మూడు పెట్టెలు పెట్టాను. 48 అక్షరాలు, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 66 మండలాలు, 12 రకాలు. గుణిస్తే 38,016 పేజీలు! మూడు వేల మాటలకి ముప్పై ఎనిమిది వేల పేజీలన్నమాట, అందులో చాలావరకు ఖాళీవి, కానీ ఖాళీ అని చెప్పడానికి కూడా ప్రతిసారీ డేటాబేస్‌ని మొత్తం తడమాలి. మనిషికి బుద్ధి ఉంటుంది కాబట్టి రెండు నొక్కి ఆపేస్తాడు. బాట్‌కి లింకు కనిపిస్తే చాలు, వెళ్తుంది. నా సర్వర్‌లో ఉన్నది ఒక జీబీ మెమరీ. పాపం అది మాత్రం ఏం చేస్తుంది.

అందుకే ఎవరైనా నన్ను అడిగితే ముందు బ్లాక్ చేయడం గురించి చెప్పను. ముందు పేజీని చవగ్గా చెయ్యండి అంటాను. నేను మాటల పేజీలన్నీ ఒక్కసారే తయారుచేసి మామూలు ఫైళ్ళుగా పెట్టేశాను, అడిగిన ప్రతిసారీ వండడం మానేసి. ఆ ఒక్క పనితో సగం టెన్షన్ పోయింది. వచ్చినవాడు మంచోడైనా దొంగైనా సర్వర్ పడిపోవడం మాత్రం ఆగింది.

ఆ తర్వాత రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ, ఏ బాట్ ఏ పేజీల జోలికి రాకూడదో సైటులో రాసిపెట్టే చిన్న ఫైలు. అది 'ఇచ్చట చెత్త వేయరాదు' అని గోడ మీద రాసే బోర్డు. ఆ బోర్డు కిందే చెత్త ఎంత ఉంటుందో మన ఊళ్ళలో వేరే చెప్పక్కర్లేదు. 1994లో మార్టైన్ కోస్టర్ అనే ఆయన తెచ్చిన పద్ధతి ఇది, అందరూ వాడుతూనే ఉన్నారు కానీ అధికారిక ప్రమాణంగా రాసుకున్నది 2022లో. అప్పుడు కూడా అందులో బలవంతం ఏమీ లేదు, వచ్చినవాడి మర్యాద మీద నడిచేదే. అయినా పెట్టాలి, ఎందుకంటే మర్యాదస్తులు కూడా ఉన్నారు. పెద్ద ఏఐ కంపెనీల బాట్లు, జీపీటీబాట్ లాంటివి, తమ పేరు చెప్పుకునే వస్తాయి, వద్దని రాస్తే వినాలి. గూగుల్‌తో కొంచెం జాగ్రత్త. గూగుల్‌బాట్‌ని ఆపితే వెతుకులాటలోంచే మాయమైపోతాం. మా మాటలతో ఏఐకి పాఠాలు చెప్పొద్దు అనుకుంటే గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే పేరు 2023 నుంచి వేరేగా ఉంది, దాన్ని వద్దని రాయాలి.

మర్యాద లేనివాళ్ళకి క్యూ. తిరుపతి వాళ్ళకి ఇది అర్థం చేయించడం చాలా తేలిక. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో జనం ఎంతమంది వచ్చినా లోపలికి వదిలేది ఒక లెక్క ప్రకారమే, మిగతావాళ్ళు కంపార్ట్‌మెంట్లలో కూర్చుంటారు, కంపార్ట్‌మెంట్లు కూడా నిండితే లైను బయట రోడ్డెక్కుతుంది. అడిగినవాళ్ళకి పేజీలు పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జింక్స్‌లో రేట్ లిమిట్ అంటే ఇంతే. ఒక్కో అడ్రస్‌కి సెకనుకి ఒక పేజీ, ఒకేసారి ఎగబడితే ఇరవై దాకా కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టు, ఆ పైన వస్తే వెనక్కి పంపు. ఒక చిన్న మెలిక ఉంది. వెనక్కి పంపేటప్పుడు అది మామూలుగా 503 అని చెప్తుంది, అంటే అంగడి మూసేశాం అని. 429 అని చెప్పేలా మార్చుకోండి, అంటే 'మరీ ఎక్కువ అడుగుతున్నావు, కాసేపాగి రా' అని. నిజం గూగుల్‌బాట్ పొరపాటున తగిలినా విషయం సరిగ్గా అర్థమవుతుంది.

క్యూతో ఊరుకోకుండా కోపంలో ఇంకో పని చేశాను. అనుమానం వచ్చిన అడ్రస్‌ల పక్కనున్న అడ్రస్‌లన్నీ కలిపి గుత్తగా బ్లాక్ చేశాను. రెండో రోజు పలమనేరు నుంచి అత్త ఫోను. "ఏమిరా అబ్బోడా, నీ సైటు తెరిస్తే గుండ్రంగా తిరగతా ఉండాదే గానీ మాటలు రావడంల్యా." మొబైల్ కంపెనీలు ఒకే బయటి అడ్రస్ వెనక బోలెడు ఫోన్లు పెడతాయి. దొంగని ఆపబోయి నేను ఆపింది మా అత్తని, ఆమెతో పాటు ఇంకెంతమందినో! అదే నెలలో అనూబిస్ అనేదీ పెట్టి చూశాను, 2025 మొదట్లో వచ్చింది, పేజీ చూపించే ముందు వచ్చినవాడి బ్రౌజర్‌కి ఒక లెక్క ఇస్తుంది, అది చేస్తేనే లోపలికి. ఒక మనిషికి ఒక లెక్క భారం కాదు, కానీ లక్షల పేజీలు లాగేవాడికి కరెంటు బిల్లు కనపడుతుంది. ఆలోచన నాకు నచ్చింది. అత్త ఫోన్‌కి నచ్చలేదు, అది ఆరేళ్ళ నాటిది, ఆ లెక్క దగ్గరే వేడెక్కిపోయింది. అందుకని మాటల పేజీల నుంచి తీసేసి వెతుకులాట పేజీకి మాత్రం ఉంచాను.

ఇవన్నీ పెట్టాక నవంబర్‌లో మళ్ళీ వచ్చారు. ఈసారి నంబర్ల వరస లేదు, ఒకే అడ్రస్ లేదు. ఇళ్ళలో ఉండే మామూలు ఇంటర్నెట్ కనెక్షన్లని అద్దెకిచ్చే వ్యాపారం ఒకటి ఉంది. వేల ఇళ్ళ నుంచి తలా ఒకటో రెండో పేజీలు అడిగి, తర్వాత ఒకచోట కుప్ప పోసుకుంటారు. నా క్యూ లెక్కకి అందరూ బుద్ధిమంతులే. అప్పటికి నాకు తెలిసొచ్చింది ఏంటంటే, జనం చూడగలిగే పేజీని కాపీ కాకుండా ఆపడం కుదరదు, కష్టం పెంచగలం అంతే, ఆ కష్టం కూడా ఒక హద్దు దాటితే చదివేవాళ్ళ మీదే పడుతుంది.

కానీ నవంబర్‌కి ముందే నేను ఇంకో పని చేసి ఉన్నాను. పటాలు గీసేవాళ్ళు, నిఘంటువులు వేసేవాళ్ళు పాతకాలం నుంచి చేసే పనే. 1930ల్లో అమెరికాలో ఒక పటాల కంపెనీ న్యూయార్క్ రాష్ట్రం పటంలో అగ్లో అని లేని ఊరిని పెట్టింది, ఎవరైనా పటం కాపీ కొడితే ఆ ఊరూ వాళ్ళ పటంలో తేలుతుందని. (తర్వాత ఎవరో పటంలో ఆ పేరు చూసి సరిగ్గా అక్కడే అగ్లో జనరల్ స్టోర్ అని అంగడి పెట్టారు, అది వేరే కథ.) అలా నేనూ మూడు దొంగమాటలు పుట్టించాను. ఒకటి చింతమొబ్బు. అర్థం: పట్టపగలు కూడా చింతచెట్టు కింద ఉండే చీకటి. వాక్యం: 'చింతమొబ్బులో కూర్చుంటే పొద్దు తెలీదు.' రాసుకుని నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఇప్పుడు బయటపెట్టేశాను కాబట్టి ఇది ఇంక ఉచ్చుగా పనికిరాదు. మిగతా రెండూ చెప్పను.

జనవరిలో మా తమ్ముడు ఒక యాప్ చూపించాడు. 'రాయలసీమ పదాలు' అని, రెండు మాటలకొక ప్రకటన. అర్థాలన్నీ మెషీన్‌తో తిరగరాయించారు, వాక్యాలు మార్చారు, అవ్వ గొంతు తీసేసి వార్తలు చదివే గొంతు పెట్టారు. ఎనుము అన్న మాటని ఆ గొంతు పలికిన తీరు వింటే ఏ ఎనుమూ తిరిగి చూడదు. చింతమొబ్బు కూడా ఉంది, పద్ధతిగా, 'గ్రామీణ పదం' అన్న వర్గంలో.

వాళ్ళకి మెయిల్ రాశాను. "ఇవి ప్రజల పదాలు, మేమూ క్షేత్రస్థాయిలో సేకరించాం" అని జవాబిచ్చారు. మంచిది, చింతమొబ్బు ఏ ఊళ్ళో సేకరించారో చెప్పండి అని అడిగాను. జవాబు లేదు. నాలుగో రోజు యాప్‌లో ఆ ఒక్క మాట మాత్రం మాయమైంది. మిగతావన్నీ అలాగే ఉన్నాయి!

తెలిసిన లాయర్‌తో మాట్లాడితే కోపం కొంచెం చల్లారింది, ఆయన నా తరఫునే మాట్లాడినా. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 ఉంది, అనుమతి లేకుండా కంప్యూటర్‌లోంచి డేటా దించుకున్నా, కాపీ చేసుకున్నా పరిహారం అడగొచ్చు. కాకపోతే అందరికీ తెరిచిపెట్టిన పేజీకి అనుమతి లేదని ఎలా అంటావు అనేది అవతలివాడి మొదటి ప్రశ్న. కాపీరైట్ సంగతి ఇంకా చిక్కు. 1991లో అమెరికా సుప్రీంకోర్టులో ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసు నడిచింది. ఆ డైరెక్టరీవాళ్ళు కూడా నాలాగే దొంగ పేర్లు పెట్టారు, అందులో నాలుగు అవతలి పుస్తకంలో దొరికాయి. కాపీ జరిగిందని తేలిపోయింది. అయినా ఓడిపోయారు, పేర్లూ నంబర్లూ అక్షరక్రమంలో పేర్చడంలో సొంత సృష్టి ఏముంది అని. మన సుప్రీంకోర్టు కూడా 2007లో ఒక కేసులో, కష్టపడ్డాం అంటే చాలదు, కాస్తైనా సృజన ఉండాలి అనే దారిలోనే చెప్పింది. ఎర్రగడ్డ అన్న మాట నాదెట్లా అవుతుంది? నేను రాసిన వాక్యం నాది, అవ్వ గొంతు రికార్డు నాది. వాటిని వాళ్ళు ముట్టుకోలేదు.

నిజానికి కాపీ అంటే నాకు పగ లేదు. 2021లో నా డిస్క్ పోయినప్పుడు రెండు వందల మాటలు మళ్ళీ దొరికింది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, వాళ్ళు ఎప్పుడో కాపీ చేసి పెట్టుకున్నారు కాబట్టి. అందుకని ఇప్పుడు మాటలూ అర్థాలూ మొత్తం ఒకే ఫైలుగా సైటులో పెట్టేశాను, ఎవరికి కావాలంటే వాళ్ళు దించుకోవచ్చు, ఎక్కడిదో పేరు చెప్పండి చాలు. రాత్రిపూట 38 వేల పేజీలు తట్టే బాధ వాళ్ళకీ తప్పుతుంది, నాకూ తప్పుతుంది. ఆడియో మాత్రం ఇవ్వలేదు. అది అడిగి తీసుకోవాలి.

పోయిన నెల పాకాలలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పక్కన కూర్చున్న పెద్దాయన రిటైరైన తెలుగు మాస్టారు, సైటు పేరు చెప్తే చేయి పట్టుకున్నారు. "నాయనా, ఆ చింతమొబ్బు అన్న మాట ఎక్కడ పట్టినావు? మా నాయన అనేటోడు. నేను మరిచేపోయినా." అది నేను పుట్టించిందని చెప్పడానికి 'సార్' అని నోరు తెరిచాను. ఆయన అప్పటికే కళ్ళు మూసుకుని వాళ్ళ నాయన గొంతులో అంటున్నారు: "చింతమొబ్బు నీదే గానీ, చెట్టు నీది కాదురా."

ఆ వాక్యం నాదానికన్నా బాగుంది. ఫోన్ తీసి, ఇంకోసారి అనండి సార్ అని రికార్డు చేసుకున్నాను.