ఊరు కాని ఊళ్లో మనిషి పోతే డెత్ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే ఇది అడిగేవాళ్లు ఉన్న పరిస్థితిలో చుట్టూ తిప్పి చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. మనిషి ఎక్కడ పోతే అక్కడే మరణాన్ని నమోదు చేయాలి, సర్టిఫికెట్ ఇచ్చేదీ అక్కడివాళ్లే. సొంతూరు ఏదైనా, ఆధార్‌లో ఏ అడ్రస్ ఉన్నా, అంత్యక్రియలు ఎక్కడ జరిగినా సరే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పేది ఇదే.

చాలామంది ఏం చేస్తారంటే, ఆ దుఃఖంలో మృతదేహాన్ని అంబులెన్స్‌లో ఊరికి తెచ్చుకుని, అంతా అయ్యాక శ్మశానం రసీదు పట్టుకుని మన పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్తారు. అక్కడ కుదరదంటారు, వాళ్లు చెప్పేది నిజమే. తెలిసినవాడు కదా అని ఎవరైనా జాలిపడి ఊళ్లోనే పోయినట్టు రాసిచ్చినా తీసుకోకండి. ఆసుపత్రి కాగితంలో ఒక ఊరు, సర్టిఫికెట్‌లో ఇంకో ఊరు ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకునేది సరిగ్గా దాన్నే. పైగా ఆసుపత్రి తన వంతుగా అక్కడ నమోదు చేయించి ఉంటుంది, అప్పుడు ఒకే మనిషి చావు రెండు చోట్ల రిజిస్టర్లలో ఉంటుంది.

ఆసుపత్రిలో పోతే రిజిస్ట్రారుకు, అంటే జనన మరణాలు నమోదు చేసే అధికారికి, తెలియజేయాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, మనది కాదు. లాడ్జిలోనో సత్రంలోనో పోతే దాని నిర్వాహకుడిది. బంధువుల ఇంట్లో పోతే ఆ ఇంటి పెద్దది. రైల్లోనో బస్సులోనో పోతే ఆ వాహనం బాధ్యత ఎవరిదో వాళ్లు, ఆ తర్వాత మొదట ఆగిన చోట చెప్పాలి. అంబులెన్స్‌లో తీసుకెళ్తుండగా ప్రాణం పోయిన కేసులు ఎన్నో ఉంటాయి కాబట్టి ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

బాధ్యత వాళ్లదే అయినా, అక్కడ రాసే వివరాలు ఇచ్చేది మాత్రం మనమే. మా బాబాయి వైద్యానికని వెళ్లి వేరే రాష్ట్రంలో పోయారు. అడ్మిషన్ రోజు కౌంటర్‌లో ఉన్నవాళ్లకి మన ఇంటిపేరు పద్ధతి తెలియదు, ఇంటిపేరును చివరికి తోసి, అందులో ఒక అక్షరం మింగేసి రాశారు. కేస్ షీట్‌లో ఉన్న ఆ పేరే ఆసుపత్రి రిజిస్ట్రారుకు పంపే రిపోర్టులోకి వెళ్లబోతుంటే మా తమ్ముడు ఆధార్ కాపీ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచేయించాడు. ఆ పని అప్పుడు అవ్వబట్టి సరిపోయింది. రిజిస్టర్‌లో ఎక్కాక దిద్దించుకోవాలంటే రుజువులు పట్టుకుని మళ్లీ ఆ ఊరే వెళ్లాలి.

ఆ రిపోర్టు పేరు ఫారం 2. అందులో అడ్రస్ రెండు చోట్ల అడుగుతారు: చనిపోయే సమయానికి ఉంటున్నది ఒకటి, శాశ్వత చిరునామా ఒకటి. రెండో గడిలో మన ఊరి అడ్రస్ పూర్తిగా రాయించండి. సర్టిఫికెట్‌లో సొంతూరు కనిపించేది దాని వల్లే, చాలామందికి కావలసిందీ అదే. ఆ గడి ఖాళీగా వదిలేసినా, అక్కడ దిగిన లాడ్జి అడ్రస్సే రెండిట్లోనూ రాసేసినా ఆ తర్వాత ఇక్కడి ఆఫీసుల్లో ప్రతిచోటా వివరణ ఇచ్చుకుంటూ కూర్చోవాలి.

ఆసుపత్రి ఇచ్చే కాగితాన్ని డెత్ సర్టిఫికెట్ అనుకోవద్దు. డాక్టరు రాసేది చావుకు కారణం తెలిపే పత్రం, అది వేరు. రిజిస్ట్రారు ఇచ్చే సర్టిఫికెట్‌లో కారణం ఉండదు, చట్టమే దాన్ని చూపకూడదంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం కారణం అడుగుతారు. కాబట్టి ఆ పత్రం కాపీ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి, ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం దగ్గరి బంధువుకి అది ఇవ్వాలి. ప్రమాదమో అనుమానాస్పద మరణమో అయితే పోలీసు పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు కూడా కావాలి. కారణం ఇంకా తేలలేదు కదా అని నమోదు ఆపుకోనక్కర్లేదు.

గడువు 21 రోజులు. 30 రోజుల లోపు అయితే ఆలస్య రుసుము కడితే సరిపోతుంది. అది దాటి ఏడాది లోపు అయితే జిల్లా రిజిస్ట్రారు అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. ఇవన్నీ కూడా మనిషి పోయిన జిల్లాలోనే. భాష రాని చోట, తెలిసినవాళ్లు లేని చోట ఆ ఉత్తర్వు కోసం తిరగడం ఎంత నరకమో ఊహించుకోండి. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: మృతదేహంతో అందరూ బయలుదేరొద్దు, ఇంట్లో కాస్త నిబ్బరంగా ఉన్న ఒక్కరు ఆ ఊళ్లో ఉండి, రిపోర్టు ఏ ఆఫీసుకి వెళ్లిందో, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంతో కనుక్కుని రావాలి. ఆ నంబర్ చేతిలో ఉంటే మిగతాది చాలా చోట్ల ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఏ రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ అయినా దేశమంతా చెల్లుతుంది, ఇక్కడ మళ్లీ ఇంకోటి తీసుకోనక్కర్లేదు.

విదేశంలో పోయినా ఇదే లెక్క. ముందు ఆ దేశం వాళ్ల సర్టిఫికెట్, ఆ తర్వాత అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు. అలా నమోదైతే మన చట్టం కింద ఇక్కడ నమోదైనట్టే లెక్క. పాస్‌పోర్టు రద్దు చేయించడం, మృతదేహాన్ని తీసుకురావడానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా అక్కడే. వాళ్ల సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో లేకపోతే అనువాదం అడుగుతారు, అదీ అక్కడ ఉండగానే చేయించుకోండి.

సర్టిఫికెట్ కాపీలు మాత్రం ఒకటి రెండుతో సరిపెట్టుకోకండి. బ్యాంకు, పెన్షన్, ఇన్సూరెన్స్, ఆస్తి మార్పిడి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నీ ఒకేసారి అడుగుతాయి, కొన్ని చోట్ల ఒరిజినల్ ఇచ్చేస్తే గానీ ఫైలు కదలదు.