డోర్నకల్ బిషప్ అజరయ్య

బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య పేరు ఎక్కడ వచ్చినా, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగాన్నే ముందుగా తలచుకుంటారు. మిషనరీలు తమ ఆస్తిని బీదల పోషణకు ఇచ్చారనీ, తమ శరీరాలను సైతం అర్పించారనీ బైబిల్లోని కొరింథీ పత్రిక (కొరింథు సంఘానికి పౌలు రాసిన లేఖ) మాటలతోనే మెచ్చుకొని, అదే పత్రిక చెప్పిన ప్రేమను కూడా అడుగుతూ, ‘మాకు స్నేహితులను ఇవ్వండి’ అని ఆయన ముగించారు. ప్రసంగం గొప్పదే, అయితే ఆ ఒక్క వాక్యం చాటున ఆయన జీవితకాలపు కృషి మరుగున పడిందని నాకు అనిపిస్తుంది.

ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై గ్రామంలో ఒక ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి శాఖకు చెందిన) మతగురువు ఇంట పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టా పుచ్చుకోకుండానే వై.ఎం.సి.ఏ. (క్రైస్తవ యువజన సంఘం) కార్యదర్శిగా చేరారు. స్వదేశీయుల ధనంతో, స్వదేశీయుల చేతుల మీదుగానే సువార్త సాగాలన్న పట్టుదలతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పూనుకొన్నారు. ఆ సంఘం ఎంచుకొన్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరులను పంపి ఊరుకోక, 1909లో తానే అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొన్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో (బిషప్ పీఠమున్న ప్రధాన చర్చిలో) ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. మాల, మాదిగ పల్లెల నుండి వేలాదిగా క్రైస్తవంలోకి వచ్చినవారే ఆయన సంఘానికి మూలం. ఈ మతమార్పిడుల విషయంలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. ఇద్దరూ స్వదేశీ భావన గలవారే కావడం గమనించదగినది. అజరయ్య స్వదేశీ భావన కట్టడంలోనూ కనిపిస్తుంది: 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్‌లో గుమ్మటాలు మసీదును, స్తంభాలు ఆలయ మండపాన్ని తలపిస్తాయి.

దక్షిణ భారతంలోని వేర్వేరు ప్రొటెస్టంట్ సంఘాలు ఒక్కటి కావడానికి 1919లో తమిళనాట తరంగంబాడిలో జరిగిన సమావేశం నుండి పాటుపడిన ఆయన, ఆ ఐక్యత 1947లో సిద్ధించకముందే, 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు.

రచయితగా ఆయనది పండితులను మెప్పించే ధోరణి కాదు. క్రైస్తవులు ఇవ్వవలసిన కానుకల గురించి రాసిన ‘క్రిస్టియన్ గివింగ్’ చూస్తే, అది గ్రామ సంఘాల అవసరాల నుండి పుట్టిన పుస్తకమని తెలుస్తుంది. కూలి చేసుకొని బ్రతికే విశ్వాసులతో, విదేశీ ధనం మీద ఆధారపడకుండా సంఘాన్ని నడపాలంటే, వంట చేసే ప్రతిసారీ ఇల్లాలు తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా లెక్కలోకి వస్తుంది.