అమ్మ కంటి ఆపరేషన్
నిన్న అనంతపురంలో అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. నిజానికి పోయిన నెలలోనే కావాల్సింది. ఇన్నేళ్లుగా శెనక్కాయ చేలలో గాలికి, దుమ్ముకు అమ్మ కళ్లు బాగా పొడిబారాయట. ముందు చుక్కల మందు వాడి తడి పెంచుకుని రమ్మని డాక్టరమ్మ వెనక్కి పంపించింది. కన్ను పొడిగా ఉంటే లోపల పెట్టే లెన్స్ పవర్ కొలత కూడా తప్పుతుందంట. ఆ రోజు విసుక్కున్నాను, ఇప్పుడు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తోంది.

ఆపరేషన్ జరిగినంతసేపూ క్లిప్పు పెట్టి రెప్పలు తెరిచి ఉంచుతారు. మత్తు చుక్కలు వేయడంతో కంటికి స్పర్శ తెలియదు, రెప్ప వేసే వీలూ ఉండదు. పైన మైక్రోస్కోపు వెలుతురు. నల్లగుడ్డు మీద ఉండే కార్నియా అనే పారదర్శక పొర మధ్యలో సుమారు అర మిల్లీమీటరు మందమే. అది ఆరితే డాక్టర్‌కు లోపల మసగ్గా కనిపిస్తుంది, తర్వాత రోగికి మంట, గరగర. అందుకే పక్కనున్న సిస్టర్ మాటిమాటికీ సెలైన్ లాంటి నీటిని చుక్కలుగా వేస్తూనే ఉంటుంది. కొందరు డాక్టర్లు పైన పల్చగా జెల్ పూస్తారు, తడి ఎక్కువసేపు నిలుస్తుందని. కార్నియా లోపలి వైపు కణాలు పోతే మళ్లీ పుట్టవు కాబట్టి కంటి లోపలా వేరే జెల్ నింపుతారు.

"చల్లగా నీళ్లు పడుతుంటే బాగుండె నాయనా, భయమే కాలేదు" అంది అమ్మ బయటికొచ్చాక. ఆ సిస్టర్ పేరు కూడా అడగలేదు నేను. రేపు చెకప్‌కు వెళ్లినప్పుడు కలవాలి.